పాత చైన్‌సాలను బాగుచేసి అమ్మేటప్పుడు ఏది మార్చాలి, ఏది ఉన్నదున్నట్టు ఉంచాలి, కొనేవారికి ఏది చెప్పాలి?

రంపపుపొట్టు

సభ్యులందరికీ నమస్కారం. ఏడేళ్లుగా పాత చైన్‌సాలను కేవలం నా కోసమే విప్పి, బాగుచేసి, దాచుకుంటున్నాను. ఇప్పుడు చోటు చాలకపోవడం వల్లా, అడిగేవారు కూడా ఉండడం వల్లా కొన్నింటిని అమ్మాలనుకుంటున్నాను. నా దగ్గరే ఉండే యంత్రంలో ఏదైనా లోపం మిగిలితే దాని సంగతి నాకు తెలుసు కాబట్టి జాగ్రత్తగా వాడుకుంటాను. కొత్త మనిషి చేతికి వెళ్లే యంత్రానికి ఆ రక్షణ ఉండదు. అందుకే మొదటి అమ్మకానికి ముందే మీ సలహా అడుగుతున్నాను.

ప్రస్తుతం రెండు సిద్ధం చేస్తున్నాను. మొదటిది హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12. 54 సీసీ ఇంజిన్, మెగ్నీషియం బాడీ, పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుని మూసుకునే రెండు లోహపు ముఖాలతో స్పార్క్ పుట్టించే పాత పద్ధతి) ఉన్న ఈ యంత్రానికి చైన్ బ్రేక్, అంటే గొలుసును వెంటనే ఆపే సాధనం, లేదు. తాడు ఎన్నిసార్లు లాగినా ప్లగ్గు దగ్గర స్పార్క్ కనిపించడం లేదు, రంగు కూడా అక్కడక్కడ పెచ్చులూడింది. రెండోది 1980ల నాటి హస్క్‌వర్నా 61. దీనికి చైన్ బ్రేక్ ఉంది, సులభంగానే స్టార్ట్ అవుతుంది, కానీ థ్రాటిల్ వదిలిన తరువాత వేగం వెంటనే దిగకుండా కొన్ని క్షణాలు పైనే నిలుస్తోంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఒత్తిడి, చదరపు అంగుళానికి 118 పౌండ్లు చూపించింది. రెండింటికీ కొత్త రంగు వేయాలా, హస్క్‌వర్నాకు కొత్త పిస్టన్ వేస్తే సరిపోతుందా అన్నవి నా మొదటి ప్రశ్నలు.

ఆకురాయి

రంగు సంగతి తరువాత చూడవచ్చు. ముందు ఆ హస్క్‌వర్నాను ఇంకొక్కసారి కూడా స్టార్ట్ చేయకండి. థ్రాటిల్ వదిలినా వేగం దిగకపోవడమంటే, కార్బ్యురేటర్ ఇచ్చే మిశ్రమంలోకి ఎక్కడి నుంచో అదనపు గాలి చేరుతోందని అనుమానించాలి. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టన్‌కు నూనె అందేది పెట్రోలుతోనే. మిశ్రమం పలచబడితే నూనె కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, అల్యూమినియం పిస్టన్ ఒరుసుకుపోయి సిలిండర్ గోడకు అంటుకుంటుంది.

సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ ద్వారం గుండా టార్చిలైటు వేసి పిస్టన్ ముఖాన్ని చూడండి. ఈ పనికి పట్టేది అయిదు నిమిషాలే, కానీ పాత చైన్‌సా విషయంలో దీనికి మించిన పరీక్ష లేదని నా నమ్మకం. నేను కొనేటప్పుడు కూడా అమ్మేవారు సైలెన్సర్ విప్పనివ్వకపోతే అక్కడితో మాట ముగిస్తాను. పిస్టన్ మీద నిలువు గీతలు లేకుండా, తయారీలో పడిన సన్నని అడ్డగీతలు ఇంకా కనిపిస్తూ ఉంటే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే నిలువు గీతలుంటే పలచని మిశ్రమమో నూనె లేని పెట్రోలో కారణం. ఇన్‌టేక్ వైపు గీతలుంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి వెళ్లిందని అర్థం.

118 అన్న అంకెను కూడా మళ్లీ సరిచూడండి. ఇంజిన్ వెచ్చగా ఉండాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండాలి, ముల్లు ఇక పెరగదనిపించే వరకు తాడు లాగాలి. కార్ల కోసం చేసిన గేజీల గొట్టం పొడవుగా ఉంటుంది, వాల్వు ఆ చివర ఎక్కడో ఉంటుంది. అంతటి చిన్న సిలిండర్‌లోని గాలిలో కొంత భాగం ఆ గొట్టాన్ని నింపడానికే పోతుంది కాబట్టి అది ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. వాల్వు ప్లగ్గు మర దగ్గరే ఉన్న గేజీ వాడండి. ఆ పరిమాణం ఇంజిన్‌కు 150 దగ్గర ఉంటే సంతోషించవచ్చు. 100 కన్నా తక్కువైతే రింగులో సిలిండరో అరిగాయని అనుకోవాలి.

ఇక కొత్త పిస్టన్ మాట. గాలి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టకుండా పిస్టన్ మారిస్తే కొత్త పిస్టన్‌కూ అదే గతి పడుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ద్వారాలను రబ్బరు ముక్కలతో బిగించి మూసి, పిస్టన్ కింద ఉండే క్రాంక్‌కేసులోకి సుమారు అర బార్ ఒత్తిడితో గాలి నింపి, ముల్లు నిలుస్తుందో లేదో చూడండి. తరువాత అదే గొట్టంతో గాలిని బయటికి లాగి వాక్యూమ్ పరీక్ష కూడా తప్పకుండా చేయండి. క్రాంక్ షాఫ్టు చుట్టూ గాలి చొరకుండా ఉండే ఆయిల్ సీళ్ల పెదవి లోపలి ఒత్తిడికి షాఫ్టుకు గట్టిగా అదుముకుంటుంది, వాక్యూమ్‌లో వదులవుతుంది. ఒత్తిడి పరీక్షలో నెగ్గిన సీలు వాక్యూమ్‌లో ఓడిపోవడం నేను చాలాసార్లు చూశాను. పరీక్ష జరుగుతుండగా క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఉండండి.

నల్లమద్ది

ఆకురాయి గారు చెప్పినదానికి నేను కలపవలసింది లేదు. ఎక్స్‌ఎల్-12 రంగు గురించి మాత్రం మనవి చేస్తాను. దయచేసి దానికి రంగు వేయకండి.

ఈ యంత్రాలకు విలువ ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. 1927లో డోల్మార్ తెచ్చిన పెట్రోలు చైన్‌సా బరువు 58 కిలోలు, దాన్ని ఇద్దరు మనుషులు మోయవలసి వచ్చేది. 1959లో స్టీల్ సంస్థ కాంట్రాను తెచ్చినప్పుడు గేర్లు లేకుండా నేరుగా క్రాంక్ నుంచే గొలుసు నడిచే ఒక్క మనిషి యంత్రం వచ్చింది. అదే ఏడాది హస్క్‌వర్నా కూడా తన మొదటి చైన్‌సాను విడుదల చేసింది. 1960లలో వచ్చిన ఎక్స్‌ఎల్-12 పేరులోని 12, బారూ (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పలక) గొలుసూ లేకుండా దాని బరువు 12 పౌండ్లేనని చెప్పడానికి పెట్టినది. మూడు నాలుగు దశాబ్దాల్లో ఇద్దరు మోసే బరువు ఒంటిచేతి బరువుగా మారిన కథ ఆ లోహంలో, ఆ రంగులో, ఆ అచ్చు అక్షరాల్లో ఉంది. సేకరించేవారు కొనేది దాన్నే. అరిగిన అసలు రంగును ఒకసారి గోకేస్తే మళ్లీ తెచ్చుకోలేము.

శుభ్రపరచడంలో ఒక హెచ్చరిక. ఇనుము తుప్పు వదలడానికి వెనిగర్‌లో నానబెట్టే అలవాటు చాలామందికి ఉంది. మెగ్నీషియాన్ని అందులోని ఆమ్లం తినేస్తుంది కాబట్టి వెనిగర్‌ను దాని దరిదాపులకు కూడా రానివ్వకండి. కిరోసిన్‌తో జిడ్డు వదిలించి, గోరువెచ్చని సబ్బునీటితో మెత్తని కుంచె పెట్టి కడిగి, వెంటనే గాలి కొట్టి ఆరబెడితే చాలు. గ్రైండరుతో మెగ్నీషియాన్ని అరగదీయకండి. ఆ పొడి అంటుకుంటే నీళ్లతో ఆరదు సరికదా, నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది.

కొలిమిగట్టు

నల్లమద్ది గారి అభిప్రాయంతో సగం వరకే ఏకీభవిస్తున్నాను. రంగు పోయి లోహం బయటపడిన మెగ్నీషియం అలాగే ఉండిపోదు. తేమ తగిలిన చోటల్లా తెల్లని పొడి పూస్తుంది, ఇనుప బోల్టు తగిలిన చోట ఆ తినివేత మరింత వేగంగా సాగుతుంది. అద్దాల బీరువాలో ఉంచే యంత్రమైతే పలచగా నూనె పూసి ఉంచవచ్చు. పనిలోకి వెళ్లే యంత్రానికి మాత్రం పై పూత అవసరం. మెగ్నీషియానికి తగిన ప్రైమర్ వేసి, అసలు వర్ణానికి దగ్గరగా రంగు కలిపి వేస్తే నేను తప్పుపట్టను. తప్పు ఎక్కడంటే, అలా వేసిన రంగును ఫ్యాక్టరీ రంగుగా చెప్పి అమ్మడంలో.

బిగుసుకుపోయిన బోల్టులను బలం పెట్టి తిప్పకండి. మెగ్నీషియంలోని మర బోల్టుతో పాటే ఊడి వస్తుంది. చుట్టూ కొద్దికొద్దిగా వేడి చేసి, తుప్పు వదిలించే నూనె పట్టించి, ఒక రాత్రి వదిలేసి చూడండి. నేను తొందరపడి పోగొట్టుకున్న మరలు తక్కువేమీ కాదు.

రంపపుపొట్టు

ఎక్స్‌ఎల్-12 అసలు రంగును అలాగే ఉంచుతాను. లోహం బయటపడిన రెండు చోట్ల మాత్రం నూనె పూస్తాను. స్పార్క్ సంగతి ఎవరైనా చెప్పగలరా? ప్లగ్గు మార్చి చూశాను, ఫలితం లేదు.

కండెన్సర్

ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న పాయింట్ల యంత్రంలో స్పార్క్ లేదంటే, పది సందర్భాల్లో ఎనిమిదిసార్లు పాయింట్ల ముఖం మీద పేరుకున్న మకిలే కారణమని నా అనుభవం. కాయిల్ కొనడానికి తొందరపడకండి. ముందు ఆఫ్ స్విచ్చి తీగను విడదీసి చూడండి, ఎందుకంటే ఆ తీగ తోలు లేచి బాడీకి తగులుతూ ఉన్నా స్పార్క్ రాదు.

ఆ తరువాత ఫ్లైవీల్ తీయాలి. నట్టు విప్పేటప్పుడు క్రాంక్ తిరగకుండా ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని నూలుతాడు దూర్చండి. అయితే పిస్టన్ ఎగ్జాస్ట్ ద్వారాన్ని దాటి పైకి వచ్చాకే తాడు పెట్టాలి, లేకపోతే అది ద్వారం అంచులో చిక్కుకుంటుంది. ఫ్లైవీల్‌ను పుల్లర్‌తోనే లాగాలి, క్రాంక్ చివర సుత్తితో కొట్టకూడదు. అవతలి వైపు క్లచ్ విప్పవలసి వస్తే, దాని మర చాలా యంత్రాల్లో ఎడమ చేతి మర అని గుర్తుంచుకోండి.

పాయింట్లను సన్నని ఆకురాయితో ఒకటి రెండుసార్లు రుద్ది, ఆ పొడి మిగలకుండా స్పిరిట్‌లో తడిపిన తెల్ల కాగితాన్ని వాటి మధ్య పెట్టి లాగండి. ఎడం 0.38 మిల్లీమీటర్లు ఉంచండి. ఫ్లైవీల్ తిరిగి బిగించేముందు, దాన్ని షాఫ్టు మీద సరైన చోట నిలిపే తాళంచెక్కను పరిశీలించండి. అది కొద్దిగా నలిగినా స్పార్క్ పడే సమయం మారిపోతుంది, అప్పుడు తాడు వెనక్కి లాక్కుని వేళ్లను గాయపరుస్తుంది. కాయిల్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య పావు మిల్లీమీటరుకు అటూ ఇటూగా సందు ఉండాలి. మందపాటి పరిచయ కార్డు ముక్క ఆ కొలతకు సరిపోతుంది.

పాయింట్లూ కండెన్సరూ తీసేసి వాటి స్థానంలో చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టే పద్ధతి కూడా ఉంది. పనికి వాడుకునేవారికి అది వరమే. అలా చేస్తే తీసిన పాయింట్లను సంచిలో వేసి యంత్రంతో పాటే ఇవ్వండి.

ఆకురాయి

స్పార్క్ వచ్చాక పెట్రోలు దారి చూడాలి. పాత గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది, చేత్తో వంచితే విరుగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పట్టుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి గొట్టం, ట్యాంకులోని ఫిల్టరు, కార్బ్యురేటర్ డయాఫ్రమ్‌లు ఆలోచించకుండా మార్చేయండి. పాత డయాఫ్రమ్‌ను గోటితో తడితే కాగితంలా చప్పుడు చేస్తుంది, అంత గట్టిపడిన పొర సన్నని ఒత్తిడి తేడాలకు కదలదు. కార్బ్యురేటర్‌లోకి పెట్రోలును వదిలే సూది మీటను ఎంత ఎత్తులో ఉంచాలో ఆ కార్బ్యురేటర్ పత్రంలో చూసి అమర్చండి. మీట కిందికి ఉంటే మిశ్రమం పలచబడుతుంది, పైకి ఉంటే పెట్రోలు పొంగుతుంది.

హై స్క్రూ, అంటే పూర్తి వేగంలో ఎంత పెట్రోలు వెళ్లాలో నిర్ణయించే కార్బ్యురేటర్ స్క్రూ, అమర్చే విషయంలో చాలామంది పొరబడతారు. బరువు లేకుండా పూర్తి వేగంలో ఇంజిన్ ఈల వేసినట్టు సన్నగా మోగితే వినడానికి బాగుంటుంది, కానీ అది పలచని మిశ్రమం. అదే వేగంలో కొంచెం గరగరమని తడబడుతూ, గొలుసు దుంగలో దిగగానే ఆ తడబాటు పోయి శుభ్రంగా మోగితే మిశ్రమం సరిగా ఉన్నట్టు.

పాత చేతిపుస్తకాల్లో పెట్రోలుకూ నూనెకూ 16:1, 20:1 వంటి పాళ్లు ఉంటాయి. అవి ఆనాటి సాధారణ ఇంజిన్ నూనెల కోసం రాసినవి. ఇప్పటి రెండు స్ట్రోకుల నూనెతో ఈ పాత యంత్రాలను నేను 32:1 పాళ్లలో నడుపుతాను. పాళ్లు మారిస్తే స్క్రూలను కూడా మళ్లీ అమర్చాలి. నూనె పెరిగితే అదే రంధ్రంలో పెట్రోలు తగ్గుతుంది కాబట్టి నూనె ఎక్కువ పోస్తే క్షేమమన్న నమ్మకం అన్నివేళలా నిజం కాదు.

తూనికరాయి

నేను బాగుచేసేవాడిని కాదు, కొనేవాడిని. ఇక్కడ నా మాట అవసరమని రాస్తున్నాను. రెండేళ్ల క్రితం ఒకరి దగ్గర బాగుచేసిన పాత చైన్‌సా కొన్నాను. మెరిసే రంగు, కొత్త స్టిక్కర్లు, ఒక్క లాగుకు స్టార్ట్ అయ్యే వీడియో చూసి నమ్మాను. మూడో ట్యాంకు అయిపోకముందే ఇంజిన్ పట్టేసింది. విప్పి చూసిన మెకానిక్, పిస్టన్ కొత్తదని, సీళ్లు మాత్రం పాతవేనని, హై స్క్రూ బాగా లోపలికి తిప్పి ఉందని చెప్పారు. వీడియోలో ఇంజిన్ గట్టిగా మోగడానికి కారణం ఆ పలచని మిశ్రమమే. ఆ వీడియో తీసేముందు ఇంజిన్‌ను వేడి చేసి ఉంచారని కూడా తరువాత అర్థమైంది.

కొనేవాడిగా నాకు కావలసినవి ఇవి. సైలెన్సర్ తీసి పిస్టన్‌కు తీసిన ఫొటో కావాలి. గేజీ ముల్లు కనిపించేలా కంప్రెషన్ ఫొటో కావాలి. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన వీడియో, ఎన్ని లాగులు పట్టినా సరే, కోత లేకుండా కావాలి. ఏ భాగం కంపెనీది, ఏది ఇతరుల తయారీ, ఏది మార్చలేదు అన్న వివరం కావాలి. మార్చని భాగాల మాట చెప్పిన అమ్మకందారు నాకు ఇంతవరకు ఒక్కరే కనిపించారు, ఆయన దగ్గర తరువాత మరో రెండు కొన్నాను.

కొలిమిగట్టు

తూనికరాయి గారూ, మీకు జరిగింది అన్యాయం. ఇతరుల తయారీ పిస్టన్ల గురించి ఒక మాట చెప్పాలి. వాటన్నింటినీ తోసిపుచ్చలేము, కొన్ని పాత నమూనాలకు ఇప్పుడు దొరికేవి అవే. కానీ వాటితో వచ్చే పిన్ను క్లిప్పులను మాత్రం నేను వాడను. క్లిప్పు జారితే సిలిండర్ ఒక్క నిమిషంలో పనికిరాకుండా పోతుంది. కంపెనీ క్లిప్పులు విడిగా తెప్పించుకుంటాను. వీలైతే పాత సిలిండర్‌నే కాపాడుకుంటాను. దానికి అంటుకున్న అల్యూమినియాన్ని వదిలించడానికి కొందరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. క్రోమ్ పూత ఉన్న పాత సిలిండర్లకు అది పనికిరాదు, ఆ ఆమ్లం క్రోమ్‌ను కూడా కరిగిస్తుంది. కాస్టిక్ సోడా క్రోమ్ జోలికి పోదు, కానీ పూత లేచిన చోట కింది అల్యూమినియాన్ని తినేస్తుంది, కాబట్టి దూది చుట్టిన పుల్లతో మరక మీద మాత్రమే అద్దుతూ, చేతితొడుగులూ కళ్లద్దాలూ పెట్టుకుని చేయాలి.

నల్లమద్ది

చైన్ బ్రేక్ ప్రస్తావన ఇంకా పూర్తిగా రాలేదు. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం కంటికి కనిపించనంత వేగంగా వెనక్కి, మనిషి ముఖం వైపు ఎగదన్నుతుంది. గొలుసును వెంటనే ఆపే బ్రేక్ 1970ల తొలి సంవత్సరాల్లో గాని పెద్ద కంపెనీల యంత్రాల్లోకి రాలేదు. కంపనాన్ని తగ్గించే రబ్బరు దిమ్మెలు లేని పాత యంత్రాలతో రోజంతా పనిచేసినవారికి వేళ్లు తెల్లబడి స్పర్శ పోయే జబ్బు వచ్చేది. అందువల్ల ఎక్స్‌ఎల్-12 వంటి యంత్రాన్ని పనిముట్టుగా అమ్మకూడదని నా దృఢమైన అభిప్రాయం.

కండెన్సర్

అమ్మకూడదనడం కన్నా, ఎవరికి అమ్ముతున్నామో చూడాలనడం సరైనదనుకుంటాను. అలాంటి యంత్రాలతో అనుభవం ఉన్నవారు వాటిని ఏడాదికి నాలుగుసార్లు నడిపి ఆనందిస్తారు, వారికి ప్రమాదం ఎక్కడుందో తెలుసు. మొదటి చైన్‌సా కొనడానికి వచ్చిన వ్యక్తికి మాత్రం నేను అమ్మను. ఇద్దరు ముగ్గురిని అలా తిప్పి పంపించాను కూడా.

నల్లమద్ది

మీరు అడిగి చూసి అమ్ముతారు, బాగానే ఉంది. కానీ యంత్రం మీ కొనుగోలుదారు దగ్గరే ఆగిపోదు కదా. ఆయన పొరుగువారికి అరువు ఇస్తారు, లేదా తిరిగి అమ్ముతారు. అందుకే నేను బ్రేక్ లేని యంత్రానికి, ఇందులో చైన్ బ్రేక్ లేదని రాసిన చిన్న రేకు బిళ్లను హ్యాండిల్‌కు తీగతో కట్టి ఇస్తాను. ప్రకటనలోని మాట చెరిగిపోయినా ఆ బిళ్ల యంత్రంతో వెళుతుంది.

కండెన్సర్

రేకు బిళ్ల ఆలోచన నాకు నచ్చింది. ఇకపై నేనూ కడతాను.

ఆకురాయి

గొలుసు విషయం కూడా చూసుకోండి. పాత యంత్రంతో వచ్చిన బార్, గొలుసు, స్ప్రాకెట్ మూడూ ఒకే కొలతవని అనుకోకండి, ఇన్నేళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒకటి మార్చి ఉంటారు. గొలుసులో వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే పిచ్ వస్తుంది. 3/8 అంగుళం, 0.404 అంగుళం గొలుసులు ఇప్పటికీ దొరుకుతాయి. 7/16, 1/2 అంగుళం పాత గొలుసులు దొరకడం కష్టం, అలాంటప్పుడు స్ప్రాకెట్, బార్ ముక్కు మార్చవలసి రావచ్చు. బార్ గాడి వెడల్పును గొలుసు నడిపే పళ్ల మందంతో పోల్చి చూడండి, గొలుసు పక్కకు ఊగితే ఆ బార్ పనైపోయినట్టే. ఎక్స్‌ఎల్-12లో బొటనవేలితో నొక్కే నూనె పంపు ఉంటే దాని సీలు మార్చి, నూనె బార్ రంధ్రం దాకా చేరుతోందో లేదో కళ్లతో చూడండి.

పంపేముందు ట్యాంకులు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా నడిపి, మూతలు తీసి రెండు రోజులు గాలికి ఆరనివ్వండి. పెట్రోలు వాసన వచ్చే పెట్టెను ఎవరూ రవాణాకు తీసుకోరు, తీసుకోకూడదు కూడా.

రంపపుపొట్టు

మూడు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను. ఎక్స్‌ఎల్-12లో పాయింట్లు మకిలి పట్టి ఉన్నాయి, ఆఫ్ స్విచ్చి తీగ కూడా ఒకచోట బాడీకి తగులుతోంది. రెండూ సరిచేశాక స్పార్క్ వచ్చింది. హస్క్‌వర్నా ఒత్తిడి పరీక్షలో నిలిచి, వాక్యూమ్ పరీక్షలో ఫ్లైవీల్ వైపు సీలు దగ్గర ఓడిపోయింది. ఆకురాయి గారు ముందే చెప్పి ఉండకపోతే ఒత్తిడి పరీక్షతోనే ఆగిపోయి ఉండేవాడిని. పిస్టన్ మీద ఎగ్జాస్ట్ వైపు సన్నని గీతలున్నాయి, సిలిండర్ పూత మాత్రం చెక్కుచెదరలేదు. రెండు సీళ్లు, ఇన్‌టేక్ రబ్బరు, పిస్టన్, రింగు మార్చాను. ఇప్పుడు సరైన గేజీతో 152 చూపిస్తోంది. థ్రాటిల్ వదలగానే వేగం దిగుతోంది.

హస్క్‌వర్నా కోసం రాసుకున్న ప్రకటన ఇది, తప్పులుంటే చెప్పండి:

"హస్క్‌వర్నా 61. క్రాంక్ సీళ్లు రెండూ, ఇన్‌టేక్ రబ్బరు, పెట్రోలు గొట్టం, ఫిల్టరు, డయాఫ్రమ్‌లు, పిస్టన్, రింగు కొత్తవి. పిస్టన్ ఇతరుల తయారీ, పిన్ను క్లిప్పులు కంపెనీవి. సిలిండర్, బేరింగులు, నూనె పంపు, క్లచ్ పాతవే. విప్పకముందు పిస్టన్ మీద గీతలు ఉండేవి, దానికి కారణమైన సీలు మార్చబడింది, ఆ పిస్టన్ ఫొటో జతచేశాను. రంగు అసలుదే, వెనుక హ్యాండిల్ కింద చిన్న పగులు ఉంది. చైన్ బ్రేక్ పరీక్షించాను, పనిచేస్తోంది. చల్లని ఇంజిన్ అయిదో లాగుకు స్టార్ట్ అయింది, వీడియో చూడండి."

తూనికరాయి

ఇలాంటి ప్రకటన చదివి ఉంటే నేను రెండేళ్ల క్రితం ఆ యంత్రం కొని ఉండేవాడిని కాదు. ఒక్కటి చేర్చండి: హ్యాండిల్ పగులుకు దగ్గర నుంచి తీసిన ఫొటో. చిన్న పగులు అన్న మాటకు మీ అర్థం ఒకటి, నా అర్థం ఇంకొకటి కావచ్చు.

ఆకురాయి

ఏ నూనెతో, ఏ పాళ్లలో స్క్రూలు అమర్చారో కూడా రాయండి. కొత్త రింగు కుదురుకున్నాక, అంటే నాలుగైదు ట్యాంకుల తరువాత, కొన్నవారు హై స్క్రూను ఒకసారి సరిచూసుకోవాలి. అది చేయడం తెలియకపోతే మిమ్మల్ని అడగమనండి.

రంపపుపొట్టు

రెండూ చేర్చాను. 32:1 అని రాసి, అదే అంకెను పెట్రోలు మూత పక్కన చిన్న కాగితం మీద కూడా అతికించాను. ఎక్స్‌ఎల్-12కు రేకు బిళ్ల రేపు కోస్తాను.